గోనెసంచిలో రంపం

ఆయన పోయాడని నాకు చెప్పింది జీపు డ్రైవరు. విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రి వరండాలో కనిపించాడు. తల్లికి శుక్లాల ఆపరేషను చేయించడానికి తీసుకొచ్చాడట. ఏడెనిమిదేళ్ల తర్వాత కలిశాం. హుకుంపేట కబుర్లు, ఘాటీ రోడ్డు కబుర్లు అన్నీ అయ్యాక, ఇక వెళ్లొస్తానని లేచినవాడు ఆగి, "మేస్త్రి పోనాడు కదండీ, మొన్న వానలకి ముందే," అన్నాడు. నాకు ముందే తెలిసి ఉంటుందనుకున్నాడు పాపం. ఎలా పోయాడని అడిగాను. ఏమీ లేదట. మధ్యాహ్నం గంజి తాగి, అరుగు మీద పడుకుని, మళ్లీ లేవలేదట.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు. మా ఆరోగ్య కేంద్రం ఉన్న ఊరు హుకుంపేటకు ఎగువన, కొండ మీద ఉండేది. అక్కడ నేను తొంభైలలో కాంపౌండరుగా పనిచేశాను. ఆ చుట్టుపక్కల కొండల్లో ఆయిలింజన్లు, మందుకొట్టే పంపులు, కాఫీ పళ్ల తొక్క తీసే మిషన్లు, చివరికి కుట్టుమిషన్లు కూడా బాగుచేసేవాడు ఆయనొక్కడే. ఆ కొండల మనిషే. కుర్రతనంలో కలప కోసే కంట్రాక్టరు వెంట ఒరిస్సా అడవుల్లో ఏళ్లతరబడి తిరిగి, అక్కడ మిషన్ల పని నేర్చుకున్నాడు. అక్కడే ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఎడమ చెవి వినికిడి కూడా అక్కడే చాలావరకు పోయింది.

ఆ చెవి సంగతి నాకు చాలాకాలం తెలియలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే తల ఒకవైపు వంచేవాడు. అది మర్యాద అనుకునేవాణ్ణి. ఇంజను దగ్గరా అంతే. స్క్రూడ్రైవరు మొనను ఇంజను ఒంటికి ఆనించి, పిడిని కుడిచెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. నేను స్టెతస్కోపు పెట్టినట్టే ఉండేది. ఆడుతున్న ఇంజను ముందు ఆయన అలా కూర్చుంటే రైతులు మాటలాపేసి, డాక్టరు ఏం చెబుతాడో అన్నట్టు ఆయన ముఖం చూసేవాళ్లు.

ఆయన చెప్పేది ఒకటే మాట. అంతా బిగించాక, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ఈ పూటకి ఆడుతాది," అనేవాడు. బాగయిందని ఎప్పుడూ అనలేదు. మైదానం నుంచి వచ్చి సంతలో కొట్టు పెట్టుకున్న షావుకారు ఒకాయన ఆ మాటకు చిరాకుపడి, ఈ పూటేమిటి, కనీసం ఒక ఏడాదైనా పనిచేస్తుందని చెప్పవా అని అడిగాడు. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. తర్వాత మళ్లీ అదే మాట చెప్పి, పంపు షావుకారు చేతికిచ్చాడు.

నేను ఆయన్ని నువ్వనే అనేవాణ్ణి. ఆయన నన్ను బాబు అనేవాడు. వయసులో నాకంటే పాతికేళ్లు పెద్ద. అందులో తప్పేమైనా ఉందని అప్పట్లో నాకు తోచలేదు.

ఒక ఆషాఢంలో, మూడు రోజుల ముసురు తర్వాత, పై గూడెం నుంచి ఒక గర్భిణిని డోలీలో మోసుకొచ్చారు. నొప్పులు మొదలై అప్పటికే ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. మా డాక్టరు మీటింగుకని పాడేరు వెళ్లాడు. నర్సు చూసి, మనవల్ల కాదు, పాడేరు తీసుకుపోవాల్సిందే అంది. జీపు మాట్లాడి నేనూ ఎక్కాను. ఏవో సామాన్లు కొనడానికని మేస్త్రి అప్పటికే వెనక కూర్చుని ఉన్నాడు. ఘాటీ సగం దిగాక మలుపులో నల్లమద్ది చెట్టొకటి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఇద్దరు మనుషులు చేతులు చాపి పట్టుకున్నా అందనంత మాను. జీపులో ఒక గొడ్డలి ఉంది. పక్క గూడెం పరిగెత్తి ఇంకొకటి తెచ్చారు. ఆయన చొక్కా విప్పి మొదలుపెట్టాడు. మనుషులు మారుతున్నారు గానీ ఆయన మాత్రం ఆపలేదు. తడిసిన నల్లమద్ది మీద గొడ్డలి వేస్తే ముక్క లేవదు, గంట కొట్టినట్టు మోగుతుంది. జీపులోంచి ఆమె మూలుగు వినిపిస్తోంది. కాసేపటికి అది కూడా తగ్గిపోయింది. జీపు పట్టేంత దారి అయ్యేసరికి నాలుగు గంటలు పట్టింది.

పాడేరులో తల్లిని దక్కించారు. బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్న ఆయనకు ఆ సంగతి నేనే చెప్పాను. అరచేతులు చూసుకున్నాడు. చర్మం లేచిపోయి ఉంది. "మిషనుంటే అరగంట పని, బాబు," అన్నాడు.

ఆ మిషను అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎందుకంటే మా ఆరోగ్య కేంద్రం స్టోరు గదిలో, విరిగిన మంచాల వెనక, ఒక రంపం మిషను పడి ఉండేది. పెట్రోలుతో నడిచే చైను రంపం. ఎప్పుడో తుపానులో సాయం కింద ఎవరో పంపిన సామాన్లలో కలిసి వచ్చిందట. దానికి కాగితం లేదు, రిజిస్టరులో పేరు లేదు. లాగి స్టార్టు చేసే దాని తాడును ఎలుకలు కొరికేశాయి. డాక్టరుకు చెబితే, పైకి రాయమన్నాడు. రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం ఆ మిషనును గోనెసంచిలో వేసి, సైకిలు వెనక కట్టుకుని ఆయన ఇంటికి తీసుకెళ్లాను. ఎవరినీ అడగలేదు, ఎవరి సంతకమూ తీసుకోలేదు.

సంచి విప్పగానే ఆయన ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు. మిషనును మోకాళ్ల మీద పెట్టుకుని, తాడు లాగే చోట వేలితో తిప్పి చూశాడు. పిస్టను కదల్లేదు. వాసన చూశాడు. "సూద్దుం," అన్నాడు.

కిరసనాయిలు పోసి తొమ్మిది రోజులు ఉంచాడు. రోజూ పొద్దున్నే పిస్టను మీద చెక్కముక్క పెట్టి, సుత్తితో మెల్లగా తట్టేవాడు. పదో రోజున అది వెంట్రుకవాసి కదిలిందని నాకు కబురు పంపాడు. నేను మందులిచ్చే కిటికీ మూసేసి పరిగెత్తాను.

అక్కడి నుంచి మొదలైంది అసలు పని. కొత్త సామాను కొనే స్తోమత మా ఇద్దరికీ లేదు. ఉన్నవాటిలోంచే ఏదో ఒకటి చెయ్యాలి. పాత మోటారుసైకిలు రింగు దొరికితే, దాని చివరలు ఆకురాయితో అరగదీసి పిస్టనుకు తొడిగాడు. అది సరిగా కూర్చునేసరికి మూడు రింగులు విరిగాయి. మందులొచ్చే అట్టపెట్టెల అట్టను నూనెలో నానబెట్టి గ్యాస్కెట్లు కత్తిరించాడు. కార్బురేటరులో పూడిపోయిన సన్నటి రంధ్రాలు ఇంజక్షను సూదితో తీశాడు. పెట్రోలు పోయే గొట్టానికి సెలైను ట్యూబు పెట్టాం. పెట్రోలుకు అది నెలలోనే గట్టిపడి చిట్లుతుందని ఆయనకు తెలుసు. నెలకొకటి తెచ్చిస్తానన్నాను. వాడి పారేసేవే కదా.

కార్బురేటరు లోపల కాగితమంత పలచటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. అది చిరిగిపోయింది. అది లేకపోతే ఇంజనుకు పెట్రోలు అందదు. ఆపరేషను గ్లోవు కత్తిరించి వేశాం. మర్నాటికి పెట్రోలులో నానిన అప్పడంలా అయింది. సైకిలు ట్యూబు మందమైపోయింది. ఒక నెల అక్కడే ఆగిపోయాం. నేను వెళ్లినప్పుడల్లా ఆయన ఆ కార్బురేటరును అరచేతిలో పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. చెవి మీద అడ్డాకులో చుట్టిన పొగాకు చుట్ట. పెట్రోలు దగ్గర అది ఎప్పుడూ వెలిగించేవాడు కాదు. పని ముగిశాక దూరంగా వెళ్లి వెలిగించుకునేవాడు. చివరికి టీ హోటలువాడు పారేసిన గ్యాసు రెగ్యులేటరు విప్పితే, దాని లోపల గుడ్డకు అతికించిన పలచటి రబ్బరు దొరికింది. దాన్ని బ్లేడుతో గీకి, కత్తిరించి వేశాడు. సరిపోయింది. ఆ రోజు మాత్రం ఆయన కొంచెం నవ్వాడు.

చైను ఒక్కటే చేత్తో చేసుకునేది కాదు. ఇద్దరం విశాఖపట్నం వెళ్లాం. కొత్త చైను ధర చెప్పిన కొట్టువాడికి ఆయన తన వినపడని చెవి తిప్పి నిలబడ్డాడు. కావాలనే అలా నిలబడ్డాడని నాకు ఇప్పటికీ అనుమానం. తర్వాత పాత ఇనుము అమ్మే వీధిలో తుక్కుగుట్టల మధ్య కూర్చుని, ఎండలో రెండు గంటలు వెతికి, తెగిపోయిన చైను ముక్కలు రెండు తీశాడు. రెండూ కలిపితే మనకు సరిపోతాయన్నాడు. డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు. అక్కడి నుంచి సముద్రం పది నిమిషాల నడక, చూసిపోదాం రమ్మన్నాను. ఆయన ఎప్పుడూ చూడలేదు.

"బస్సెల్లిపోద్ది, బాబు," అన్నాడు.

ఆ చైను ముక్కలు అల్లం అమ్మిన డబ్బుతో కొన్నాడని తర్వాత ఆయన భార్య వల్ల తెలిసింది. ఆవిడ నాతో మాట్లాడడం అదే మొదటిసారి. మొగుడికి చెప్పాల్సినదంతా నాకు చెప్పింది. "రోడ్డు మీద సెట్లు పడితే గవుర్మెంటోళ్లు సూసుకోవాల. ఈయనకేటి? కొండలన్నీ ఈయన భుజం మీదున్నాయా?" అంది. ఆయన పక్కనే కూర్చుని చైను పళ్లకు ఆకురాయి పెడుతున్నాడు. ఒక్కో పన్నుకు నాలుగు రుద్దులు, లెక్క తప్పకుండా. ఆవిడ మాటలు ఏ చెవిన పడ్డాయో తెలియదు.

జ్యేష్ఠం చివర్లో ఒక మధ్యాహ్నం మిషను మోగింది. అప్పటికి ఆ తాడును ఎన్నిసార్లు లాగాడో చెప్పలేను. జీపు మీద సామాన్లు కట్టే నైలాను తాడే దానికి వేశాం. భుజం పట్టేసి, చెయ్యి మార్చుకుని లాగుతుండగా అందుకుంది. ఇంటి ముందున్న కోళ్లన్నీ కొండెక్కాయి. ఆయన రెండు నిమిషాలు విని, ఆపేశాడు. గట్టు మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే, ఈ పూటకి ఆడుతాదన్నాడు. నేను సంతోషంతో ఏదేదో మాట్లాడుతున్నాను. ఆయన మాత్రం బాగా అలసిపోయి ఉన్నాడు.

ఆ తర్వాత రెండు వానాకాలాలు. ఘాటీలో చెట్టు పడిందని కబురొస్తే, గోనెసంచి భుజాన వేసుకుని జీపెక్కేవాడు. జీపు లేకపోతే నడిచేవాడు. భార్య వెనకే వచ్చేది, తిట్టుకుంటూనే. ఆకులతో అల్లిన గిడుగు నెత్తిన పెట్టుకుని వచ్చి, అక్కడికి చేరాక ఆ గిడుగు తీసి మిషను మీద పట్టేది. మిషను తడవకూడదు. ఇద్దరూ తడిసేవాళ్లు. కోత మధ్యలో అది రెండుమూడుసార్లయినా ఆగిపోయేది. అందరూ చుట్టూ నిలబడి బేగి, బేగి అంటుంటే ఆయన వానలో గొంతుక్కూర్చుని, మొత్తం విప్పి, సూదితో పొడిచి, మళ్లీ బిగించేవాడు. ఎవరి తొందరా ఆయన చేతుల్లోకి వచ్చేది కాదు. అలా తెరిచిన దారిలో పాముకాటు మనిషిని ఒకసారి, జ్వరం నెత్తికెక్కిన పిల్లల్ని చాలాసార్లు నేనే పాడేరు తీసుకెళ్లాను. వాళ్లలో చాలామంది బతికారు. వెనక్కి వచ్చేటప్పుడు ఆయన రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుని దగ్గుతూ ఉండేవాడు.

కలపవాళ్లు వచ్చారు, ఒకసారి వ్యానులో. రెండు రోజులు మిషనిస్తే అల్లం పంట ఏడాదంతా తేలేనంత ఇస్తామన్నారు. ఆయన తల వంచి అంతా విన్నాడు. "ఇది పడిపోయిన సెట్టే కోత్తాది. నిలబడ్డ సెట్టుని కొయ్యదు," అన్నాడు, అది మిషనుకున్న లోపమైనట్టు. అది మాటవరసకు అన్నది కాదు. పెరట్లో ఎండిపోయిన పనసచెట్టును కొట్టమని భార్య అడిగితే, మిషను పక్కనే ఉండగా, గొడ్డలి తీసుకుని వెళ్లాడు.

వ్యాను వచ్చి వెళ్లిన నెలకు, ఒక పొద్దున, ఆరోగ్య కేంద్రం ముందు అటవీ శాఖ జీపు ఆగింది. కొత్తగా వచ్చిన అధికారి. దురుసు మనిషి కాదు. లోపలికొచ్చి కూర్చున్నాడు. వెనక ఇద్దరు గార్డులు, వాళ్ల మధ్య మేస్త్రి, ఒక గార్డు చేతిలో గోనెసంచి. అనుమతి లేకుండా అడవిలో ఇలాంటి మిషను ఉంచుకోవడం నేరమని, ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారని అధికారి చెప్పాడు. ఊళ్లో కొందరు ఇది ఆసుపత్రి మిషనంటున్నారు, అదే నిజమైతే విషయం వేరు, నిజమేనా అని అడిగాడు.

మా డాక్టరు నా వైపు చూశాడు. ఆ మధ్యే బదిలీ మీద వచ్చినవాడు, మిషను సంగతేమీ తెలియదు. స్టోరు తాళం నా దగ్గరుంటుంది. మిషను నాదగ్గర నుంచే వెళ్లిందని చెబితే, ప్రభుత్వ సామాను బయటివాడికిచ్చినందుకు నా మీద విచారణ. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. ఇదంతా నేను ఒక్క క్షణంలో ఆలోచించాను. మనిషి తన గురించి ఎంత వేగంగా ఆలోచిస్తాడో నాకు ఆ రోజే తెలిసింది.

"మా స్టాకు రిజిస్టరులో లేదండీ," అన్నాను.

అబద్ధం కాదు. రిజిస్టరు తెచ్చి చూపించాను కూడా. పేజీలు తిప్పుతూ నేను తలెత్తలేదు. అప్పుడు మేస్త్రి గొంతు వినిపించింది. "నాదే బాబు. సంతలో కొన్నాను." అధికారితో అన్నాడో నాతో అన్నాడో తెలియలేదు.

తీసుకుపోయారు. వారానికి బెయిలొచ్చింది. తర్వాత రెండేళ్లు వాయిదాలు. వాయిదా రోజున తొలి బస్సుకు వెళ్లి, చీకటి పడే వేళకు వచ్చేవాడు. ఆరోగ్య కేంద్రం కిటికీలోంచి బస్సు దిగే మనుషులు కనిపిస్తారు. ఆ రోజుల్లో నేను ఆ కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాను. చివరికి జరిమానా కట్టి బయటపడ్డాడు. మిషను తిరిగి రాలేదు.

నెలల తర్వాత, వానల్లో, ఘాటీలో మళ్లీ చెట్టు పడింది. నేను వాంతులు కట్టని ఒక ముసలావిడతో జీపులో ఉన్నాను. ఆయన నడుచుకుంటూ వచ్చాడు, భుజాన గొడ్డలి. నన్ను చూశాడు, తల ఊపాడు, పని మొదలుపెట్టాడు. నేను కూడా దిగి ఇంకొక గొడ్డలి అందుకున్నాను. అన్నేళ్లలో అదే మొదటిసారి. నా దెబ్బలు ఎక్కడెక్కడో పడుతున్నాయి. ఆయన కాసేపు చూసి, వచ్చి నా చేతుల్ని పిడి మీద సరిచేశాడు. ఆ మూడు వేళ్ల చెయ్యి నా చేతి మీద ఉన్నంతసేపు ఏదైనా అంటాడని ఎదురుచూశాను. "నేరుగా కాదు. ఏటవాలుగా ఎయ్యి," అన్నాడు. అంతే.

ఇంకో ఏడాదికి నాకు బదిలీ ఆర్డరు వచ్చింది. అడిగి వేయించుకున్నదే. నా భార్యకు కొండ నీళ్లు పడలేదు. ఒకసారి మలేరియా కూడా వచ్చింది. విశాఖపట్నం దగ్గర పోస్టు ఖాళీ ఉందంటే దరఖాస్తు పెట్టాను. సామాన్లు కట్టేశాక, ముందురోజు సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద మందుకొట్టే పంపు విప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.

నాలుగేళ్లుగా గొంతులో ఉన్నది చెప్పాను. ఆ రోజు నేను నిజం చెప్పాల్సిందని, మీరు నా తప్పు మీ మీద వేసుకున్నారని చెప్పాను. ఆయన్ని 'మీరు' అని పిలవడం అదే మొదటిసారి. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని.

తర్వాత పంపు కింద పెట్టాడు. నా మీద దయతో చేసినట్టు చెబుతాడనుకున్నాను. ఆయన చెప్పింది వేరు.

"నువ్వు నిజం సెప్పుంటే నిన్ను ఇక్కణ్నుంచి ఎత్తేద్దురు. నువ్వు రాకముందు రెండేళ్లు ఆ మందుల కిటికీ తీసినోడు లేడు, బాబు. నా సెల్లెలు జొరంతో పోయింది ఆ రెండేళ్లలోనే. మిషను పోతే పోయింది, గొడ్డలుంది. నువ్వు పోతే ఎవులున్నారు? అందుకని నాదన్నాను."

చాలా మామూలుగా చెప్పాడు, ఏ మరకు ఏ నట్టు వేశాడో చెప్పినట్టు. నా జేబులో బదిలీ ఆర్డరు ఉంది. దాని సంగతి చెప్పడానికే వచ్చాను. ఎలాగో చెప్పాను. రేపు పొద్దున్నే బస్సు అన్నాను.

ఆయన తల వంచి విన్నాడు. చెవికున్న చుట్ట తీసి చూసుకుని, మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. కోపం రావాలని నేను కోరుకున్నాను. రాలేదు. ఆ ముఖంలో ఉన్నది అలసట, కోత మధ్యలో మిషను ఆగిపోయినప్పుడు ఉండేది.

"నీ జాగాలో ఎవులొత్తన్నారు?" అని అడిగాడు.

ఇంకా ఎవరినీ వెయ్యలేదన్నాను.

తర్వాత లోపలికి కేకేసి, కాయితం ముక్క ఏదైనా ఉంటే తెమ్మన్నాడు. ఆవిడ పాత క్యాలెండరు చింపి తెచ్చింది. దాన్ని మోకాలి మీద వేసి, ముడతలు పోయేలా అరచేత్తో సాపు చేసి, నా ముందు పెట్టాడు.

"ఆ జొరం మాత్తర్ల పేర్లు రాసియ్యి, బాబు. సంతలో కొట్టోడికి సూపెడతాను. ఎంత వయసోళ్లకి ఎన్నో, అది కూడా రాయి."

రాశాను. పెద్ద అక్షరాలతో, విడివిడిగా. పసిపిల్లలకు ఎంత, పెద్దవాళ్లకు ఎంత, గర్భిణులకు ఏది ఇవ్వకూడదు. ఆయనకు చదవడం రాదు. అయినా నేను రాస్తున్నంతసేపూ కలం మొన వైపే చూస్తూ కూర్చున్నాడు.